పిలిచిన ఇంటి పని ఆఖరుకు

మా నాయన మిర్చి బస్తాలు ఎత్తిన ట్రాక్టరు మీది నుంచి జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. కర్నూలులో ఒక దవాఖానలో ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. ఇంటికి పంపే ముందు డాక్టరు చెప్పిన జాగ్రత్తలను నేను ఫోన్‌లో వరుసగా రాసుకున్నాను. వాకర్ లేకుండా నడవకూడదు. నేల మీద కూర్చోకూడదు. బరువు ఎత్తకూడదు. మూడు నెలల పాటు గొంతుక్కూర్చోవడం అసలే కుదరదు. చివరిది రాసుకుంటున్నప్పుడు నా వేలు ఆగిపోయింది. మా ఇంటి మరుగుదొడ్డి గొంతుక్కూర్చునేది.

అది పెరట్లో, ఇంటికి ఆనకుండా విడిగా ఉంటుంది. ప్రభుత్వం డబ్బులిచ్చినప్పుడు కట్టుకున్నది. ఇటుక గోడలు, రేకు కప్పు, రేకు తలుపు, నేలలో సిమెంటుతో బిగించిన తెల్ల బేసిన్. పైపు లేదు. బకెట్‌లో నీళ్లు తీసుకుని వెళ్తాం. ఇన్నేళ్లలో దాంట్లో ఏ లోపమూ ఎవరికీ కనిపించలేదు.

నాయన దవాఖానలో మంచం మీద పెట్టే గిన్నెకు ఒప్పుకోలేదు. మగవాళ్ల వార్డులో ఆడవాళ్లను ఉండనివ్వరు, నేను ఊరి పనులు చూసుకోవాలి కాబట్టి మా మేనమామ ఆయన దగ్గర ఉన్నాడు. మామ గిన్నె పట్టుకొచ్చినప్పుడల్లా నాయన కళ్లు మూసుకుని నిద్ర నటించేవాడట. దాని అవసరం పడకుండా తిండి తగ్గించాడు, నీళ్లు తగ్గించాడు. నేను చూడ్డానికి వెళ్తే నా చెయ్యి పట్టుకుని ఒకటే మాట చెప్పాడు.

"ఇంటికాడ మీ అమ్మతోని ఆ గిన్నె ఎత్తిపియ్యకు. అట్లయితే నేను ఈడనే ఉంట."

"ఈడ ఉంటే బిల్లు అయితది నాయినా."

"కానీ."

బిల్లు అనే మాటకు మా నాయన 'కానీ' అని బదులివ్వడం నేను వినడం అదే మొదటిసారి. విషయం ఎంత పెద్దదో దాన్ని బట్టి తెలిసింది. శనివారం పొద్దున డిశ్చార్జి. ఆయన వచ్చేసరికి ఇంట్లో కూర్చునే కమోడ్ ఉండాలి. ఆ రోజు మంగళవారం.

నేను మెకానికల్‌లో బీటెక్ చేశాను. ఇప్పుడు ఇంజనీరు ఉద్యోగాల పరీక్షకు చదువుతున్నాను. పైపులో నీళ్లు ఎందుకు ఎట్లా పారతాయో మా వాడకట్టులో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. పైపు బిగించడం మాత్రం రాదు. అందుకని పనిని ముక్కలు చేశాను. పాత బేసిన్ పగలగొట్టి తీయడం. కొత్త కమోడ్ కొనడం. ఇంటి మీది ట్యాంకు నుంచి పెరట్లోకి పైపు వేయడం. కమోడ్‌ను బిగించడం. ఒక్కోదాని ఎదుట ఖర్చు రాయడానికి గడి పెట్టాను. మొదటి రెండూ నేనే నింపుకోగలను. మిగతావి నింపడానికి ప్లంబర్‌కు ఫోన్ చేశాను.

మా ఊరు మానవపాడు దాటాక లోపలికి ఉంటుంది. ఊళ్లో ప్లంబర్ లేడు. కర్నూలు ప్లంబర్లు తుంగభద్ర దాటడానికి అడిగే డబ్బుతో ఇంకో కమోడ్ వస్తుంది. ఊరంతా పిలిచేది గద్వాల నుంచి ఒక భాయ్‌ని.

"ఎన్ని పాయింట్లు?" అన్నాడు భాయ్, ఊరి పేరు విన్న వెంటనే. పైపు గోడలోంచి బయటికి వచ్చే ప్రతి చోటూ ఒక పాయింటు. వాళ్ల కూలి దాని మీదే.

"మూడు. కమోడ్, దాని ఫ్లష్ ట్యాంకు, పక్కన ఒక నల్లా."

"మూడు పాయింట్లకు గద్వాల నుంచి గంత దూరం రావాల్నా తమ్మీ? పెట్రోలు ఎవడు పోస్తడు?"

"నేను పోస్త. మొత్తం ఎంతయితదో చెప్పు."

"చూడకుండ ఎట్ల చెప్తరు? వచ్చి చూసినంక చెప్త."

"అయితే వచ్చి చూడు."

"రావాలంటే రోజు పని ఉండాలె."

"రోజుకు ఎంత తీసుకుంటవ్?"

"రోజు కూలికి నేను రాను. పాయింటు లెక్కనే."

"మరి పాయింటుకు ఎంత?"

"వచ్చి చూసినంక చెప్త అన్న గద."

ఫోన్ పెట్టేశాక ఈ సంభాషణను ఒక కాగితం మీద బాణం గుర్తులతో గీసి చూశాను. ఎక్కడ మొదలుపెట్టినా బాణాలు తిరిగి పెట్రోలు దగ్గరికే వచ్చాయి. అయితే చివర్లో అతను ఇంకో మాట కూడా చెప్పాడు: సామాను గద్వాలలో తనకు తెలిసిన దుకాణంలోనే తీసుకోవాలి, ధర తక్కువ పడుతుంది. దుకాణం నంబరు కూడా పంపాడు.

పక్కింటి పెద్దమ్మ గోడ మీదుగా అంతా వింటూనే ఉంది. వరసకు పెద్దమ్మ. గొంతు మాత్రం ఊరందరికీ పెద్దమ్మే.

"గట్ల ఒక్కనివి పిలిస్తే రాడు రా. పని కూడబెట్టాలె. మా నల్లా కారుతుంది, రాస్కో. కిరాణం కొట్టాయన ట్యాంకు నిండి బజార్ల పారుతుంటది, గది రాస్కో. అటెండరు సారు ఇంట్ల మోటరు గాలి గుంజుతుంది అంటుండు. గిట్ల నాలుగిండ్లు తిరిగితే రోజు అయితది."

తిరిగాను. పెద్దమ్మ నల్లాకు ప్లాస్టిక్ సంచి చుట్టి దారం కట్టి ఉంది. కిరాణా కొట్టాయన ట్యాంకు పొంగి కొట్టు ముందు ఎప్పుడూ తడిగా ఉండే చోటును ఆయన వ్యాపారానికి మంచిదని చెప్పుకునేవాడు, దుమ్ము లేవదని. అయినా రాయించుకున్నాడు. రిటైరైన అటెండరు సారు తన మోటారు చరిత్రను మొదటి నుంచి చెప్పాడు. సాయంత్రానికి నా దగ్గర పద్నాలుగు పాయింట్లున్నాయి. వాటిలో మావి మూడు. భాయ్‌కి మళ్లీ ఫోన్ చేసి లెక్క చెప్పాను.

"శుక్రారం వస్త," అన్నాడు వెంటనే. గొంతులో గౌరవం వచ్చింది.

బుధవారం నాయనను చూడ్డానికి కర్నూలు వెళ్లినప్పుడు మూడు దుకాణాలు తిరిగాను. గద్వాల దుకాణం వాడు ఫోన్‌లో చెప్పిన కమోడే, అదే కంపెనీ, అదే సైజు, ఎనిమిది వందలు తక్కువకు దొరికింది. కమోడ్ నీళ్లు కింది నుంచి పోయేదా వెనక నుంచి పోయేదా అన్నది, గోడకూ గుంతకూ మధ్య ఎంత దూరం ఉండాలన్నది ముందే కొలుచుకుని ఉన్నాను. దవాఖానలో వాకర్ వెడల్పు కూడా కొలిచాను. మా రేకు తలుపులోంచి అది ఒక వేలు సందుతో పడుతుంది. ఆ రోజు నేను చేసిన పనుల్లో తప్పు లేదు. ఇప్పటికీ అదే అంటాను.

కమోడ్‌కు గడ్డి చుట్టి అట్టపెట్టెలో పెట్టి ఇచ్చారు. పెట్టె పొట్టిదై మూత పడలేదు. బస్సులో కింద పెడితే కుదుపుకు పగులుతుందని కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టి నేను ఇవతల కూర్చున్నాను.

కండక్టరు వచ్చి దాన్ని చూసి, నన్ను చూసి, మళ్లీ దాన్ని చూశాడు. "ఏంది తమ్మీ గది?"

"కమోడ్."

"సీట్ల కూసున్నదంటే టికెట్ తియ్యాలె."

వెనక సీటు నుంచి ఒకావిడ అందుకుంది. "ఆధార్ కార్డు ఉందేమో అడుగు సారూ. ఆడమనిషైతే ఫ్రీ గద."

బస్సు నవ్వింది. కండక్టరు నవ్వకుండా లగేజీ టికెట్ కొట్టి ఇచ్చాడు. ముందు సీట్లోంచి ఒక ముసలాయన మొత్తం వెనక్కి తిరిగి, మోకాళ్లు పట్టుకుని, "దీని మీద కూసుంటే ఈ నొప్పి ఉండదా నాయినా?" అని అడిగాడు. ఉండదన్నాను. "ఎంత పడ్డది?" చెప్పాను. "నొప్పే నయం," అని ముందుకు తిరిగాడు.

గురువారం పాత బేసిన్ తీయాలి. పగలగొట్టడం తన పని కాదని, మేస్త్రీ పని అని భాయ్ ముందే చెప్పాడు. మేస్త్రీని అడిగితే ఒక పూట కూలి చెప్పాడు. ఈ సంగతి ఫోన్‌లో నాయన చెవిన పడింది. ఆయన జీవితంలో సగం బొంబాయి, పుణె కట్టడాల మీద కూలి చేశాడు. "గంత చిన్న పనికి మేస్త్రీ ఎందుకు? నేనొచ్చి పగలగొడ్త," అన్నాడు, మంచం మీద కాలుకు దిండు పెట్టుకుని. మామ ఫోన్ లాక్కున్నాడు.

నేనే పగలగొట్టాను. సుత్తె, ఉలి అరువు తెచ్చాను. బేసిన్ ఊడిరావడానికి పొద్దున్నుంచి మధ్యాహ్నం అయింది, చేతులు బొబ్బలెక్కాయి, మేస్త్రీ గడిలో సున్నా రాసుకున్నాను. అయితే సాయంత్రానికి మా పెరట్లో పాతదీ లేదు, కొత్తదీ లేదు. అమ్మ, నేను పెద్దమ్మ ఇంటి దొడ్డికి వెళ్లి వచ్చాం. ఇక వెనక్కి తిరిగే దారి లేదు.

శుక్రవారం పొద్దున భాయ్ బండి మీద వచ్చాడు. నలభై దాటిన మనిషి. రెండు సంచులు, బండికి కట్టిన పైపు ముక్కలు, చెవి వెనక పెన్సిల్. దిగుతూనే తన గురించి చెప్పాడు.

"గద్వాలల ఏ లాడ్జికన్నా పో తమ్మీ. నల్లా తిప్పు. నీళ్లొస్తే నా పని."

"రాకుంటే?"

"ఓనరు కక్కుర్తి."

అమ్మ చాయ్ ఇచ్చింది. చాయ్ తాగుతూ పెరట్లోకి చూశాడు. గడ్డిలోంచి బయటికి తీసి పెట్టిన కమోడ్ ఎండలో మెరుస్తోంది. గ్లాసు కింద పెట్టాడు.

"ఎక్కడిది?"

"కర్నూల్ల కొన్న."

"మా దుకాణం నంబరు పంపిన గద."

"కర్నూల్ల ఎనిమిది వందలు తక్కువ."

అతను దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. వేలితో కొట్టి మోత విన్నాడు. "మాలు మంచిదే," అన్నాడు, కొంచెం బాధగా. "దుకాణం మాలయితే మూడు పాయింట్లకు పన్నెండు వందలు. ఇప్పుడు రెండు వేలు."

"ఎందుకు? పని అదే గదా. అవే మూడు పాయింట్లు."

"పని అదే. లెక్క వేరే."

నేను కర్నూలులో మిగిల్చింది ఎనిమిది వందలు. అతను పెంచింది ఎనిమిది వందలు. బస్సులో కమోడ్ టికెట్ డబ్బులు నాకు నికర నష్టం. ఇది అతనికి ఒక్కొక్కటిగా వివరించబోతుంటే అమ్మ అడ్డం వచ్చింది.

"అవన్నీ తర్వాత మాట్లాడుకోండ్రి. భాయ్, నువ్వు ముందుగాల పెద్దమ్మ ఇంటికాడ చూసి రా. తర్వాత కిరాణం కొట్టు. మాది ఆఖరుకు చేస్తువు గని."

నేను అమ్మను పక్కకు పిలిచాను. "రేపే నాయన వస్తుండు. మనది ముందు చేయిద్దాం."

"మనం పిలిపిస్తే వచ్చిండు రా. పిలిపించుకున్నోళ్లమే ముందు చేయించుకుంటే వాళ్లు ఏమనుకుంటరు? మా పేరు చెప్పి తన పని చేయించుకున్నడంటరు. దినమంత ఉంది."

దీని మీద వాదన ఉండదు. మా వాడకట్టులో మేస్త్రీ గానీ వడ్రంగి గానీ ప్లంబర్ గానీ ఎవరు వచ్చినా, పిలిపించిన ఇంటి పని ఆఖరుకు. పిలిపించిన ఇల్లు పెళ్లి చేస్తున్న ఇల్లు లాంటిది. అందరికీ వడ్డించాలి, పనికి వచ్చిన మనిషికి భోజనం పెట్టాలి, తాము చివర తినాలి. మంగళవారం పాయింట్లు కూడబెట్టేటప్పుడు ఈ నియమం నాకు తెలుసు. లెక్కలో వేసుకోలేదు. పద్నాలుగులో మావి మూడు అని సంతోషించానే గానీ, పన్నెండో పాయింటు నుంచి మావి మొదలవుతాయని ఆలోచించలేదు.

పెద్దమ్మ నల్లా తొందరగానే అయింది. "జర గీ బాత్రూముది కూడ చూడు భాయ్," అంది పెద్దమ్మ. చూశాడు. కిరాణా కొట్టాయన ట్యాంకు ఎక్కి తేలే బంతి మార్చాడు. "ఎట్లాగో ఎక్కినవ్ గద, గా పైపు కూడ జర సక్కగ చెయ్," అన్నాడు కొట్టాయన. చేశాడు. పద్నాలుగు పాయింట్లు మధ్యాహ్నానికి ఇరవై అయ్యాయి. పెరిగినవాటిలో మావి లేవు. భోజనానికి అమ్మ కోడికూర వండింది. తిని, మా అరుగు మీద కాసేపు నడుం వాల్చి, అటెండరు సారు మోటారు దగ్గరికి వెళ్లాడు. మోటారు గాలి ఎక్కడ గుంజుతోందో దొరకలేదు. సారు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని సలహాలిస్తున్నాడు. నేను మధ్యలో మూడుసార్లు వెళ్లి నిలబడ్డాను. మూడోసారి సారు నన్ను చూసి, "నువ్వు ఇంజనీరువు గదా, నువ్వేమంటవ్?" అన్నాడు. ఆ పైపంతా మార్చేయమన్నాను. మార్చడానికి ఇంకో గంట పట్టింది.

పొద్దు వాలాక భాయ్ మా ఇంటికి వచ్చాడు. తొట్టి దగ్గర చేతులు కడుక్కున్నాడు. ఇప్పుడు మొదలుపెడతాడు అనుకున్నాను. సంచులు కట్టుకున్నాడు.

"మీది సోమారం చేస్త తమ్మీ. పొద్దు గూకుతుంది. గిది వెలుతుర్ల చేసే పని."

"రేపు నాయన వస్తుండు."

"సోమారం పొద్దుగాలనే వస్త. మాట ఇస్తున్న."

అతని దృష్టితో చూస్తే అది న్యాయమే. మిగతా ఇళ్లలో వాడిన ప్రతి వస్తువూ ఆ దుకాణం నుంచి తెచ్చినదే. ఇరవై పాయింట్లలో తక్కువ గిట్టే మూడు మావి. అలసిపోయిన మనిషి వాటినే వదిలేస్తాడు. అతని చోట నేనున్నా అదే చేసేవాణ్ణి. అమ్మ వంటింట్లోకి వెళ్లి అటక మీది నుంచి ఒక స్టీలు గిన్నె దించి, కడిగి, బోర్లించింది. అది ఎందుకో నాకు తెలుసు. అమ్మకూ తెలుసు.

గోడ అవతల నుంచి గొంతు వినిపించింది. "ఏందిరా, మీది కాలేదా?"

"సోమారం అంటుండు పెద్దమ్మా."

పెద్దమ్మ గోడ తిరిగి మా వాకిట్లోకి వచ్చింది. నేరుగా బండి దగ్గరికి వెళ్లి పనిముట్ల సంచీని దించి తన కాళ్ల దగ్గర పెట్టుకుంది. "అయితే భాయ్, ముందుగాల మా నల్లా ఇప్పెయ్."

"ఏందవ్వా?"

"మా నల్లా ఇప్పెయ్. బాత్రూముది కూడ ఇప్పెయ్. ఎప్పటి లెక్క సంచి కట్టు. వీళ్లది చేసినంక మళ్ల వచ్చి బిగియ్యి."

"బాగైన నల్లాను ఎట్ల ఇప్పుతరు అవ్వా?"

"ఎట్ల బిగించినవో గట్లనే. మా నల్లా కారి ఎవడన్న సచ్చిండా? రేపు ఆ మనిషి ఇంటికొచ్చి ఏడ పోవాలె? పిలిపించి, చాయ్ పోసి, కోడి కోసి పెట్టినోళ్లు గిన్నె పట్టుకొని కూసోవాలె, మేమేమో నల్లా తిప్పుకుంట కూసోవాలె. నా మొగం ఎక్కడ పెట్టుకోవాలె నేను?"

అరుపులకు కిరాణా కొట్టాయన వచ్చాడు. సంగతి విన్నాడు. "నాది కూడ ఇప్పెయ్ భాయ్," అన్నాడు. "గా బంతి తీసుకపో. మా ట్యాంకు మళ్ల పారనీ. అలవాటే." ఆ మాట అన్నాక ఆయన ముఖంలో నిజంగానే బాధ కనిపించింది. పన్నెండేళ్లుగా తడిగా ఉన్న కొట్టు ముందు నేల ఆ సాయంత్రమే ఎండుతోంది.

"పరేషాన్ చేస్తుండ్రు," అన్నాడు భాయ్, నా వైపు తిరిగి. "నీ ఊరు గిట్ల ఉంటదని ఫోన్ల చెప్పలే నువ్వు."

"నువ్వు వచ్చి చూసినంక చెప్త అన్నవ్," అన్నాను.

అతను పెద్దమ్మ కాళ్ల దగ్గరున్న సంచీని చూశాడు. పెద్దమ్మ కదల్లేదు. "లైటు పట్టుర్రి," అన్నాడు చివరికి. "కమోడ్ ఒక్కటే బిగిస్త. పైపు లైను సోమారం. గప్పటి దాక బకెట్‌తోని పోసుకోండ్రి."

"రెండు వేలు ఇస్త," అన్నాను నేను. ఎవరూ మళ్లీ అడగకముందే నేను ఒక ధర ఒప్పుకోవడం కూడా అదే మొదటిసారి.

కిరాణా కొట్టు నుంచి చార్జింగ్ లైటు వచ్చింది. కొట్టాయన దాన్ని పైకెత్తి పట్టుకుని నిలబడ్డాడు. నేను సిమెంటు, ఇసుక కలిపి ఇచ్చాను. లోపల ఇద్దరికే చోటు. ఉదయం ఆగిన వాదనను నేను అక్కడ మళ్లీ మొదలుపెట్టాను, గొడవకు కాదు, తెలుసుకోవడానికి.

"పని అదే, లెక్క వేరే అంటే ఏంది భాయ్?"

"దుకాణపాయన నాకు నూటికి పది ఇస్తడు." గుంత అంచు గీకుతూ చెప్పాడు, దాచే విషయం కానట్టు. "గవి నీ పైసలే. నీకు తెల్సు, నాకు తెల్సు. గందుకే కూలి తక్కువ చెప్త. కూలి ఎక్కువంటే ఎవడూ పిలవడు. సామాను ఎక్కువంటే ఎవడూ ఏమనడు. మనోళ్లు వస్తువుకు ఇస్తరు, మనిషికి ఇయ్యరు."

"ఎనిమిది వందలు పదిశాతం కాదు గదా?"

"మిగతాది కోపం," అన్నాడు. తర్వాత, "రేపు ఇది కారిందనుకో. ఏం చేస్తవ్?"

"నీకు ఫోన్ చేస్త."

"దుకాణం మాలయితే దుకాణపాయన నన్ను తిట్టి పంపుతడు. కర్నూలు మాలుకు నన్ను ఎవడు తిడతడు? ఏ పైసల మీద రావాలె నేను?"

దీన్ని మా పుస్తకాల్లో వారంటీ అంటారు. దానికి ముందుగా డబ్బు కడతారు, ఒక కాగితం ఇస్తారు. ఇక్కడ కాగితం లేదు, దుకాణపాయన తిట్లు ఉన్నాయి. నేను మిగిల్చాను అనుకున్నది వాటి ధర. ఇంతవరకూ అతను చెప్పింది నాకు అర్థమైంది. పూర్తిగా నమ్మానని కాదు. దుకాణం మాలు కారినప్పుడు కూడా ఈ భాయ్ రావడానికి వారం పట్టిందని, ఆలోగా తాను నల్లాకు రెండు సంచులు మార్చానని, పెద్దమ్మ బయటి నుంచి అంది.

కమోడ్‌ను గుంత మీద నిలబెట్టాక నేను ఫోన్‌లో మట్టం చూసే యాప్ తెరిచి దాని అంచు మీద పెట్టాను. ఎడమకు ఒరిగి ఉంది.

"ఫోన్ పెట్టి చూసుకొని ఎవడన్న దొడ్డికి పోతడా తమ్మీ?"

"మా నాయనది ఎడమ తుంటి. ఎడమకు బరువు పడొద్దు."

అతను ఒక రేకు ముక్క మడిచి ఎడమ వైపు కింద దూర్చాడు. ఫోన్‌లో చుక్క మధ్యకు వచ్చింది. "ఇప్పుడు ఖుషీనా?" అన్నాడు. ఖుషీయే. చుట్టూ తెల్ల సిమెంటు పూసి, వేలితో నున్నగా చేసి, లేచి నిలబడ్డాడు.

"రేపు సాయంత్రం దాక ఎవ్వరూ కూసోవద్దు. కూసుంటే కదులుతది. కదిలితే నేను రాను."

స్టీలు గిన్నె ఇంకా బోర్లించే ఉంది. ఆ రాత్రి నేను ఫోన్‌లో గడులన్నీ పూర్తి చేశాను. ప్లంబర్ కూలి, సిమెంటు, కమోడ్, కమోడ్ టికెట్. కోడి ఎక్కడ రాయాలో తెలియక 'ఇతరములు' అని ఒక గడి పెట్టాను. పెద్దమ్మ తన నల్లాను తిరిగి ఇచ్చేస్తానన్నది ఏ గడిలోకీ రాలేదు. మొత్తం, నేను మొదట వేసుకున్న అంచనాకు దాదాపు రెట్టింపు. ఒక్క మేస్త్రీ గడిలోనే సున్నా ఉంది. చేతుల బొబ్బలకు మందు కొన్నాను కాబట్టి అది కూడా పూర్తి సున్నా కాదు.

శనివారం మధ్యాహ్నం కాకముందే నాయన ఆటోలో వచ్చాడు. ముందు సీట్లో వాకర్, వెనక ఆయన, పక్కన మామ. ఆటో దిగుతూనే ఆయన అడిగింది ఒకటే. "అయిందా?"

"అయింది. సాయంత్రం దాక ఆగాలె. సిమెంటు పచ్చిగ ఉంది."

సిమెంటు ఎంతసేపు ఆగాలో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. అరుగు మీద మంచం వేయించుకున్నాడు, అక్కడి నుంచి పెరటి తలుపు కనిపిస్తుంది. అమ్మ మజ్జిగ తెచ్చింది. వద్దన్నాడు. అన్నం తెచ్చింది. రెండు ముద్దలు తిన్నాడు. మామ పొరపాటున గిన్నె మాట ఎత్తాడు. నాయన కళ్లు మూసుకున్నాడు.

మధ్యాహ్నమంతా జనం చూడ్డానికి వచ్చారు. వచ్చినవాళ్లు ముందు పెరట్లోకి వెళ్లి కమోడ్ చూశారు, తర్వాత వచ్చి నాయనను చూశారు. అటెండరు సారు రెండింటి గురించీ ఒకే గొంతుతో బాగుందన్నాడు. పెద్దమ్మ ఎక్కడా నిన్నటి మాట ఎత్తలేదు. మంచం పక్కన కూర్చుని, పడేటప్పుడు పై బస్తా పట్టుకోవాల్సింది, కింది బస్తా ఎందుకు పట్టుకున్నావని నాయనను తిట్టింది.

అందరూ వెళ్లాక నాయన నన్ను పిలిచాడు. "ఎంత తీసుకున్నడు?"

"రెండు వేలు."

"ఎక్కువ." కాలు కింది దిండు సర్దుకున్నాడు. "రాత్రి లైటేసి చేసిండంట గద?"

"పొద్దు గూకినంక."

"అయితే ఎక్కువ కాదు." కూలి చేసిన మనిషి, కూలి ఇచ్చే మనిషి, ఇద్దరూ ఆయనలోనే ఉన్నారు. ఆ రోజు ఇద్దరికీ ఒప్పందం కుదిరింది. "పైపు ఎప్పుడేస్తడట?"

"సోమారం."

"సోమారం రాడు," అన్నాడు నాయన.

రాలేదు. తర్వాతి గురువారం వచ్చాడు, పెట్రోలు డబ్బులు విడిగా తీసుకున్నాడు.

ఆ శనివారం పొద్దు వాలాక నేను వెళ్లి తెల్ల సిమెంటును గోటితో గీరి చూశాను. గీత పడలేదు. కమోడ్‌ను రెండు చేతులతో పట్టి ఊపాను. కదల్లేదు. బకెట్ నింపి, మగ్గు వేసి, ఆయన కుడి చేతికి అందేలా పెట్టి వచ్చాను.

నాయన వాకర్ పట్టుకుని లేచాడు. అరుగు నుంచి పెరట్లోకి చాలాసేపు పట్టింది. నేను ఒక పక్క, మామ ఇంకో పక్క, ముట్టుకోకుండా నడిచాం. వెనక అమ్మ. వాకర్ రేకు తలుపులోంచి వేలు సందుతో లోపలికి వెళ్లింది. నేను కూడా లోపలికి రాబోతే నాయన తల తిప్పి చూశాడు. ఆగాను.

తలుపు దగ్గరికి పడింది. లోపల గొళ్లెం పెట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు, పడిపోతే తీయడం కష్టమని. మేము ముగ్గురం బయట నిలబడి ఉన్నాం. గొళ్లెం పడిన చప్పుడు వినిపించింది. మామ నా వైపు చూశాడు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ తలుపు వైపే చూస్తోంది.

వాకర్ కాళ్లు నేలకు తగిలిన శబ్దం. ఒక మూలుగు.

"బయట ఎవరన్న ఉన్నరా?" అన్నాడు నాయన లోపలి నుంచి.

"ఉన్నం నాయినా. ముగ్గురం ఉన్నం."

"పోండ్రి."

అమ్మే ముందుగా కదిలింది.